జనరేటర్ గదిలో నీళ్లు, నిధులు, నియామకాలు

(హైదరాబాద్‌లో ఉద్యోగులు, విద్యార్థుల సదస్సులో ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నది నగరంలోని ప్రభుత్వ భవనాలకు అత్యవసర కరెంటు ఏర్పాట్ల మీద. కృష్ణా నీళ్ల వాటా గురించి, 610 జీవో గురించి వినుడు మనకు అలవాటు. జనరేటర్ గురించి వినేదేముంది అని కొందరు అనుకోవచ్చు. సర్కారు ఆఫీసు వెనుక, సైకిల్ స్టాండ్ పక్కన ఒక ఇనుప డబ్బా ఉంటది. దాని మీద ఎండుటాకులు పడి ఉంటయి. ఎవ్వరూ దాని దిక్కు చూడరు. కరెంటు పోయిన రోజు మాత్రం అందరికీ అదే యాదికొస్తది. ఆ రోజు అది నడవకపోతే ఏమైతది? ఆస్పత్రిలో వెంటిలేటర్ ఆగుతది. వరద రాత్రి కంట్రోల్ రూంలో ఫోన్లు మూగపోతయి. నీళ్ల పంపు నిలిచిపోతది. భర్త మరణ ధ్రువపత్రం కోసం వచ్చిన ముసలమ్మ సిస్టం నడుస్తలేదని రెండోసారి వాపస్ పోతది.

మనం ఇన్నేండ్లు నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. ఆ మూడూ నాకు ఈ ఇనుప డబ్బాలోనే కనబడ్తయి. దాన్ని కొన్న పైసలు నిధులు. దాన్ని ముంచేవి నీళ్లు. దాన్ని నడిపేందుకు మనిషి లేకపోవుడు నియామకాలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అది జనరేటర్ కాదు, పాత ఇనుము. ఇయ్యాల నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

చీకటి జోస్యం

కరెంటు మాట తెలంగాణకు కొత్తది కాదు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపును నిరసించి కదిలిన వాళ్ల మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగినయి. ముగ్గురు చనిపోయిన్రు. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సింగరేణి కార్మికులు బాయి దిగకపోయేసరికి బొగ్గు అందక ఉమ్మడి రాష్ట్రమంతా కోతలు వచ్చినయి. కరెంటు ఎవరి చెమటతో వస్తదో ఆ రోజు అందరికీ తెలిసింది.

అదే కరెంటును చూపించి మనల్ని భయపెట్టిన్రు కూడ. రాష్ట్రం విడిపోతే తెలంగాణ చీకట్లో పడ్తదని అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి గారు చెప్పిన్రు. విభజన సమయంలో వాడకం లెక్కన తెలంగాణ డిస్కంలకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్ డిస్కంలకు 46.11 శాతం కరెంటు పంచిన్రు. 2014 చివరి నుంచి నగరంలో కోతలు తగ్గుకుంట వచ్చినయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టిన్రు. చీకటి జోస్యం నిజం కాలేదు. ఎండల్లో, వానల్లో స్తంభాలెక్కిన మనిషి కష్టం అందులో ఉన్నది.

అయితే ఇక్కడొక చిక్కున్నది. కరెంటు మంచిగ ఉన్నప్పుడే జనరేటర్ పాడైతది.

కోత వేరు, ఆపద వేరు

2012, 2013 సంవత్సరాలు యాది చేసుకోండి. హైదరాబాద్‌లో కూడ రోజూ కోతలుండె. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలుండె. అప్పుడు ఆఫీసు జనరేటర్ రోజూ నడిచేది. రోజూ నడిచేది కాబట్టి ఎవరో ఒకరు రోజూ చూసేటోళ్లు. బ్యాటరీ దిగితే ఆ రోజే తెలిసేది. డీజిల్ అయిపోతే ఆ రోజే తెచ్చేటోళ్లు. కోతలు పోయినంక ఆ చూసే కన్ను పోయింది.

ఇప్పుడు జనరేటర్ కోత కోసం కాదు, ఆపద కోసం. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డది. 2020 అక్టోబర్ 13న మళ్లీ అసొంటి వానే వచ్చి కాలనీలకు కాలనీలు మునిగినయి. గాలివానకు చెట్టు కూలుతది, ట్రాన్స్‌ఫార్మర్ పేలుతది, సబ్‌స్టేషన్‌లకు నీళ్లొస్తయి. అటువంటప్పుడు కరెంటు వాళ్లే కావాలని లైన్ బంద్ చేస్తరు, షాకులు కొట్టకుంట. మన రాష్ట్రంలో కరెంటు ఎంత మిగులున్నా ఆ రాత్రి ఆ వార్డుకు రాదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతమంతా గ్రిడ్ కూలిపోయినప్పుడు ఎన్ని మెగావాట్లు ఉన్నయన్నది ఎవరికీ పనికి రాలేదు.

కోతల జనరేటర్ ఆటో లాంటిది, రోజూ తిరుగుతది. ఆపద జనరేటర్ ఫైరింజన్ లాంటిది. ఏడాదిలో మూడు రోజులే పని, కానీ 365 రోజులు సిద్ధంగ ఉండాలె. ఫైరింజన్‌ను కొని, డ్రైవర్‌ను పెట్టకుంట, షెడ్డుకు తాళం వేస్తమా? జనరేటర్‌ను మాత్రం అట్లనే చేస్తున్నం.

నిధులు

ముందు పైసల ముచ్చట. కొనుగోలు ఎట్ల జరుగుతదో ఉద్యోగ మిత్రులకు నేను చెప్పేది లేదు. మార్చి నెలాఖరు దగ్గరికొస్తది. గ్రాంటు మురిగిపోతదంటరు. అప్పటికప్పుడు ఒక అంచనా తయారైతది. ఎంత కెపాసిటీ కావాలె అంటే పక్కాఫీసులో ఎంతున్నదో అంత అని రాస్తరు. ఒక కంపెనీ క్యాటలాగ్ ముంగట పెట్టుకొని, అందులోని కొలతలే టెండర్‌లో ఎక్కిస్తరు. ఇగ ఆ కంపెనీ తప్ప ఇంకోటి రాదు. లేకుంటే టెండర్ పిలిచే పని లేకుంట కొనుగోలును ముక్కలు చేస్తరు. డబ్బా ఒక బిల్లు, ప్యానెల్ ఒక బిల్లు, కేబుల్ ఒక బిల్లు. కేంద్రం 2016లో జెమ్ పోర్టల్ తెచ్చింది. ఆన్‌లైన్ అయినంత మాత్రాన తప్పుడు అంచనా ఒప్పు కాదు. కాగితం మీద చేసిన తప్పు కంప్యూటర్‌లో చేసినట్టయితది, అంతే.

సరైన పద్ధతి పెద్ద శాస్త్రమేం కాదు. బిల్డింగ్ మొత్తం తిరిగి ఒక జాబితా రాయాలె. కరెంటు పోతే తప్పకుండ నడవాల్సినవి ఏవి? కొద్దిసేపు ఆగినా నడిచేవి ఏవి? అసలు అవసరం లేనివి ఏవి? ఆపరేషన్ థియేటర్, మందులు పెట్టే ఫ్రిజ్, కంట్రోల్ రూం, సర్వర్, మెట్ల మీది లైట్లు, ఒక లిఫ్ట్, మంటలార్పే పంపు మొదటి వరుస. సారు గదిలో ఏసీ మూడో వరుస. జాబితా లేకుంట కొంటే మూడో వరుసది మొదటి వరుసకు వస్తది.

జనరేటర్ మీద 125 కేవీఏ అని రాసి ఉంటే అది 125 కిలోవాట్లు కాదు. 0.8తో గుణిస్తే 100 కిలోవాట్లు. ఆఫీసు అవసరం 20 కిలోవాట్లే అయితే, పెద్దది కొంటే మంచిదే కదా అనుకోవద్దు. 30 శాతం కన్న తక్కువ లోడు మీద డీజిల్ ఇంజన్‌ను ఎక్కువసేపు నడిపితే డీజిల్ పూర్తిగ కాలదు. పొగగొట్టంలో మసి, నూనె జిడ్డు పేరుకపోతది. ఇంజన్ తొందరగ దెబ్బతింటది. పెద్దది కొన్నోళ్లు కొనేటప్పుడొకసారి, నడిపేటప్పుడు రోజూ నష్టపోతరు.

ఇగ డీజిల్. మంచి లోడు మీద లీటరు డీజిల్‌కు మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు వస్తయి. 2024లో హైదరాబాద్‌లో లీటరు డీజిల్ 95 రూపాయల పైచిలుకు. అంటే యూనిట్‌కు ఒట్టి డీజిల్ ఖర్చే దాదాపు 25 రూపాయలు. లోడు తక్కువైతే ఇంకా ఎక్కువ. అందుకే ఇక్కడ లెక్క కావాలె. ఆ లెక్క ఎట్ల చూడాలో విద్యార్థి తమ్ముళ్లు రాసుకోండి.

మూడు పుస్తకాలు పక్కపక్కన పెట్టాలె. ఒకటి, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్. మీ ఆఫీసుకొచ్చే ఫీడర్‌లో కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది అందులో ఉంటది. రెండు, జనరేటర్ ప్యానెల్ మీదుండే అవర్ మీటర్. అది ఎన్ని గంటలు నడిచిందో చెప్తది. మూడు, డీజిల్ ఓచర్లు. ఫీడర్ రెండు గంటలు పోయింది, జనరేటర్ రెండు గంటలు నడిచింది, లోడు 40 కిలోవాట్లు అనుకుందాం. అంటే 80 యూనిట్లు. డీజిల్ 20 నుంచి 23 లీటర్లు కావాలె. ఓచర్‌లో 60 లీటర్లుంటే మిగతాది ఏ బండి తాగిందని అడగాలె. ఫీడర్ పోని రోజు డీజిల్ కాలితే, పరీక్ష కోసం నడిపిన్రా అని లాగ్‌బుక్ చూడాలె. ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయి మీ బిల్డింగ్‌కే కరెంటు పోయి ఉండొచ్చు, అది కూడ రాసి ఉండాలె. మూడు పుస్తకాలు కలవకపోతే అక్కడ ప్రశ్న ఉన్నట్టు.

ఇది మనకు కొత్త విద్య కాదు. 1969లో తెలంగాణ మిగులు నిధులెన్ని అన్న ప్రశ్న లేస్తేనే లలిత్ కుమార్ లెక్కలు తీసిన్రు, జస్టిస్ భార్గవ కమిటీ కూచున్నది. కోట్ల లెక్క అడిగిన గడ్డ లీటర్ల లెక్క అడగలేదా?

ఇంకొకటి గుర్తుంచుకోండి. 800 కిలోవాట్ల లోపు కొత్త సెట్లకు 2023 జూలై 1 నుంచి కొత్త కాలుష్య ప్రమాణాలు పెట్టిన్రు. పాత రకం స్టాకు అమ్ముకునేటందుకు 2024 జూన్ 30 దాక గడువిచ్చిన్రు. దాని తర్వాత కొత్తదని చెప్పి పాత రకం అంటగడ్తే తీసుకోవద్దు.

నీళ్లు

రెండోది నీళ్లు. జనరేటర్ ఎక్కడ పెట్టాలె? చప్పుడు రావద్దు, పొగ రావద్దు, కార్లకు జాగ తగ్గొద్దు. ఇట్ల ఆలోచించి సెల్లారులో పెడ్తరు. ప్యానెల్ బోర్డు, బ్యాటరీలు, డీజిల్ ట్యాంకు అన్నీ అక్కడనే. వాన ఎక్కువైనప్పుడే కరెంటు పోతది. వాన ఎక్కువైనప్పుడే సెల్లారు నిండుతది. అంటే ఏ రోజు దాంతో పనిబడ్తదో ఆ రోజే అది మునుగుతది.

ఇది మన దగ్గరి కథే కాదు. తెలివిలో, డబ్బులో మనకన్న ముందున్న దేశాలు కూడ ఇక్కడనే దెబ్బతిన్నయి. 2011 మార్చి 11న జపాన్‌లో సునామీ వచ్చి ఫుకుషిమా అణు కేంద్రంలో అత్యవసర డీజిల్ జనరేటర్లను ముంచింది. చాలా మట్టుకు కింది అంతస్తుల్లో ఉన్నయి. ఆరో యూనిట్ దగ్గర ఎత్తున పెట్టిన, గాలితో చల్లబడే ఒక్క జనరేటర్ మాత్రం నడిచింది. దానితోనే ఐదు, ఆరు యూనిట్లు గండం గట్టెక్కినయి. ఒక్క మిషన్‌ను ఎత్తున పెట్టినందుకు దక్కిన ఫలితమది.

2012 అక్టోబర్‌లో అమెరికాలో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్ నగర ప్రభుత్వ ఆస్పత్రి బెల్‌వ్యూలో జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగనే ఉన్నయి. కానీ వాటికి డీజిల్ ఎక్కించే పంపులు బేస్‌మెంట్‌లో మునిగినయి. సిబ్బంది, సైనికులు మెట్ల మీద వరుసగ నిలబడి చేతులతోని డీజిల్ అందించిన్రు. చివరికి ఆస్పత్రి మొత్తం ఖాళీ చెయ్యక తప్పలేదు. మిషన్ పైన పెట్టినా దాని నోటికి అన్నం అందే దారి కింద ఉంటే అంతే.

మన పక్కన చెన్నైలో 2015 డిసెంబర్ వరదల్లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో జనరేటర్ గదిలకు నీళ్లొచ్చినయి. పది మందికి పైగ రోగులు చనిపోయిన్రు. కరెంటు పోవుడే కారణమా కాదా అని తర్వాత వాదులాట నడిచింది. ఆ వాదులాట చనిపోయినోళ్ల ఇంటోళ్లకు ఏం ఓదార్పు? 2020 జూలైలో మన ఉస్మానియా ఆస్పత్రి వార్డుల్లకే వాన నీళ్లొచ్చినయి. 1908 మూసీ వరద చూసిన పట్నం మనది. చెరువు శిఖంలో, నాలా పక్కన ఆఫీసులు కట్టుకున్న పట్నం మనది. ఇక్కడ సెల్లారులో జనరేటర్ పెట్టుడంటే ఆపదను ఇంటికి పిలిచినట్టే.

కాబట్టి కొనే ముందు ఆ వీధిలో ముసలోళ్లను అడగాలె, 2000ల నీళ్లు ఎందాక వచ్చినయి, 2020ల ఎందాక వచ్చినయి అని. ఆ గీతకు మీద దిమ్మె కట్టాలె. ప్యానెల్, బ్యాటరీ, డీజిల్ పంపు అన్నీ ఆ గీతకు మీదనే ఉండాలె. దీనికి అయ్యే ఖర్చు సిమెంటు, ఇటుకల ఖర్చు.

బ్యాటరీల గురించి కూడ ఒక మాట. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్‌లో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయిన్రు. పొగ మెట్ల దారిలకే ఎక్కింది. మన ఆఫీసుల్లో యూపీఎస్ బ్యాటరీలు ఎక్కడున్నయో చూడండి. మెట్ల కింద, పాత ఫైళ్ల కట్టల నడుమ ఉంటయి. అక్కడి నుంచి ముందు ఆ కాగితాలైనా తీయించండి.

నియామకాలు

మూడోది అన్నిటికన్న ముఖ్యమైనది. జనరేటర్ కొన్న రోజు కొబ్బరికాయ కొడ్తరు, ఫొటో దిగుతరు. దాన్ని నడిపేదెవరు? ఎలక్ట్రీషియన్ పోస్టు రిటైర్‌మెంట్‌తో ఖాళీ అయి ఉంటది. ఏజెన్సీ ద్వార వచ్చిన పిల్లగాడు నాలుగు ఆఫీసులు చూస్తుంటడు. రాత్రి పూట వాచ్‌మన్‌కు తాళంచెవి ఇచ్చి "పచ్చ బటన్ ఒత్తు" అని చెప్పి పోతరు. వాచ్‌మన్ పచ్చ బటన్ ఒత్తుతడు. మిషన్ మూలుగుతది, అందుకోదు. ఎందుకంటే స్టార్టింగ్ బ్యాటరీ చచ్చిపోయి ఆర్నెల్లయి ఉంటది. జనరేటర్ మొరాయించిందంటే నిపుణులు మొదట చూసేది ఆ బ్యాటరీనే. లక్షల రూపాయల మిషన్ కొన్ని వేల రూపాయల బ్యాటరీ కాడ ఆగుతది. ఆ బ్యాటరీని ఎవరూ చూడకపోవుడు ఒక మనిషి లేకపోవుడు కాడ ఆగుతది.

చెయ్యాల్సిన పని ఎంత? వారానికోసారి బ్యాటరీ, నూనె, నీళ్లు, డీజిల్ చూడాలె. నెలకోసారి అరగంట నడపాలె. ఉత్తగ కాదు, ఆఫీసు లోడు దాని మీదేసి నడపాలె. ట్యాంకులో ఏడాదిగ నిలువున్న డీజిల్‌లో నీళ్లు చేరుతయి, అడుగున బురద పడ్తది. దాన్ని తీసి మార్చాలె. అన్నిటికీ తేదీ వేసి సంతకం పెట్టాలె. ఐటీఐ చదివిన మన పిల్లలు ఎంతోమంది ఈ పని కోసం కండ్లు కాయలు కాసేటట్టు చూస్తున్నరు. మిషన్‌కు పైసలున్నయి గాని మనిషికి లేవంటే, ఇది పొదుపు కాదు.

ఇందులో ప్రాణం ముచ్చట కూడ ఉన్నది. జనరేటర్‌కు, బయటి లైన్‌కు నడుమ చేంజ్ ఓవర్ స్విచ్ ఉండాలె. రెండూ ఒకేసారి కలవకుంట చూసేది అదే. అది లేకుంట తీగలు చుట్టి కలిపితే, ఆఫీసులో పుట్టిన కరెంటు వెనక్కి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లకు పోతది. అక్కడ 11 వేల వోల్టులుగ మారి లైన్ మీదికెక్కుతది. లైన్ బంద్ ఉన్నదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి అది తగుల్తది. సోలార్ పలకలున్న ఆఫీసుల్లో, కరెంటు పోయినప్పుడు సోలార్ ఎందుకు ఆగిందని అడుగుతుంటరు. బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్ ఈ లైన్‌మన్ కోసమే తనంతట తాను ఆగుతది. మిషన్‌కున్న బుద్ధి మనకు ఉండొద్దా? అందుకే ఎర్తింగ్, చేంజ్ ఓవర్ చూసి విద్యుత్ తనిఖీ అధికారి ఒప్పుకున్నంకనే సెట్టు నడపాలె. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటల్లో తొమ్మిది మందిని పోగొట్టుకున్నం. అందులో ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చినోళ్లు. కరెంటు పనిలో నిర్లక్ష్యానికి మూల్యం కట్టేది ఎప్పుడూ కింది మనిషే.

ఏం అడగాలె

విద్యార్థులారా, సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి మన చేతిలో ఉన్నది. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. కాగితాలు అడుగుడే కాదు, పోయి పనిని, రికార్డును కండ్లతో చూసే హక్కు కూడ సెక్షన్ 2(జె) ఇచ్చింది. మీ వార్డాఫీసుకు, మీ ఆస్పత్రికి, మీ యూనివర్సిటీ హాస్టల్‌కు ఈ ప్రశ్నలు పెట్టండి:

జనరేటర్ ఎప్పుడు కొన్నరు, ఎంతకు కొన్నరు, టెండర్ మీదనా, నామినేషన్ మీదనా?

కొనే ముందు లోడు జాబితా తయారు చేసిన్రా? దాని నకలు ఇవ్వండి.

అది ఏ అంతస్తులో ఉన్నది? 2020 వరద నీటి మట్టానికి పైనున్నదా?

ఆఖరుసారి లోడు మీద ఎప్పుడు నడిపి చూసిన్రు? లాగ్‌బుక్ చూపించండి.

గత ఏడాది డీజిల్ ఎంత కొన్నరు? అవర్ మీటర్ ఎంత చూపిస్తున్నది?

స్టార్టింగ్ బ్యాటరీ, యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడు మార్చిన్రు?

రాత్రి పూట నడిపేటందుకు బాధ్యుడు ఎవరు? ఆయనకు శిక్షణ ఇచ్చిన్రా, జీతం ఏ నెల దాక ఇచ్చిన్రు?

ఉద్యోగ మిత్రులారా, మీరు వీళ్లను శత్రువులుగ చూడొద్దు. సకల జనుల సమ్మెలో మీరు ఆఫీసుకు తాళమేసి రోడ్డు మీదికొస్తే ఈ పిల్లలే మీ పక్కన నడిచిన్రు. వాళ్లు దరఖాస్తు తెస్తే సగం జవాబులు మీ దగ్గరనే ఉంటయి. అంచనా తయారైతున్నప్పుడే లోడు జాబితా ఏదని మీరు ఫైల్ మీద ఒక్క వాక్యం రాయండి. సెల్లారులో పెట్టమంటే వద్దని రాయండి. ఆ ఒక్క వాక్యం రేపు ఒక ప్రాణం కాపాడుతది, మీ ఉద్యోగాన్ని కూడ కాపాడుతది. విడిపోతే చీకటే అన్నోళ్లకు రాష్ట్రం జవాబు చెప్పింది. ఇప్పుడు ఒక్కొక్క ఆఫీసు, ఒక్కొక్క ఆస్పత్రి జవాబు చెప్పాలె. ఈ వానాకాలం రాకముందే మీ మీ ఆఫీసుల్లో ఆ ఇనుప డబ్బా తలుపు తెరిపించండి. లోడు మీద అరగంట నడిపించండి. నడిస్తే లాగ్‌బుక్‌లో రాయించండి. నడవకపోతే ఎందుకు నడవలేదో రాయించండి.

జై తెలంగాణ!